కనెక్షన్ ఉన్నట్టా, లేనట్టా

అత్తయ్యగారికి నమస్కారం.

మేమిద్దరం పోట్లాడుకున్నామా అని ఫోన్లో అడిగారు. పోట్లాట కాదండీ, ఆఫీసు పనే. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకోవాలో చెప్పే నిబంధనల పుస్తకాన్ని మీ అబ్బాయీ నేనూ కలిసి దిద్దుతున్నాం కదా. అందులో "కనెక్షన్" అంటే ఏమిటో రాయాల్సి వచ్చింది. వైరు తగిలించి ఉంటే చాలు, కనెక్షన్ ఉన్నట్టేనని ఆయన. అవతలి నుంచి జవాబు వస్తేనే ఉన్నట్టని నేను.

సోమవారం నుంచి ఇంట్లో మాటల్లేవు. ఏం చెప్పాలన్నా ఆ ఫైలు మార్జిన్లోనే రాసుకుంటున్నాం. "గ్యాస్ అయిపోయింది" అన్నది కూడా మూడో అధ్యాయం పక్కనే ఉంది. ఆ పుస్తకాన్ని ఖాయం చేసే కమిటీ వాళ్లూ అదే ఫైలు చూస్తుంటారు; వాళ్లలో ఒకాయన "బుక్ చేశారా?" అని దాని కింద అడిగారు కూడా.

ఈ ఉదయం మీ అబ్బాయి నా బల్ల మీద టీ పెట్టి, కిక్కురుమనకుండా వెళ్లిపోయారు. ఆయన లెక్కన అది కనెక్షనే. నేనూ పంతానికి పోయి ముట్టుకోలేదు. చల్లారిపోతుంటే మాత్రం మనసొప్పక తాగేశాను. కాసేపటికి ఫైల్లో కొత్త వ్యాఖ్య కనిపించింది: "కప్పు ఖాళీగా ఉంది. ఇది జవాబేనా?"

నేనింకా బెట్టు చేస్తుండగానే కమిటీ అంతా ఆ వ్యాఖ్య కింద "ఆమోదం" నొక్కేసింది. ఇన్నేళ్లలో వాళ్లు ఏకగ్రీవంగా ఒప్పుకున్నది ఇదొక్కటేనండీ.

మీ కోడలు