చాటెడు తవుడు

కొండపాలెం, తుని దగ్గర
జూన్ 19, 2000

మహారాజశ్రీ వకీలు వెంకటరత్నం గారికి కొండపాలెం పోలరాజు నమస్కరించి రాయునది.

నిన్నటి నుంచి ముసురు పట్టింది. పొద్దున ఆకుమడి దున్ని విత్తనాలు చల్లాం. మధ్యాహ్నం గట్టు తెగితే కట్టాను. కోపం చల్లారక ముందే రాయాలని బురద కాళ్ళతోనే కూర్చున్నాను.

మీరు సికింద్రాబాదులో, మల్కాజ్‌గిరి స్టేషను ఎదురుగా ఉంటారనీ, గట్టి మనిషనీ మా ఊరి మాస్టారు చెప్పాడు. నాకు ఒక్కడే కొడుకు, సూరి. బేగంపేటలో కంప్యూటర్ల కంపెనీలో ఉద్యోగం. వాడికి తండ్రిని నేనేనని మీరు కోర్టులో తేల్చాలి.

సూరికి ముందు పుట్టిన పిల్లలు దక్కలేదు. వీడైనా బతకాలని, పుట్టగానే మా వైపు ఆచారం ప్రకారం చాటెడు తవుడికి అమ్మేశాం. కొన్నవాడు నా తోడల్లుడు పైడిబాబు. అంటే నా భార్య లోవమ్మకు చెల్లెలు కనకలక్ష్మి మొగుడు. వాళ్ళకు పిల్లలు లేరు. మీ ఏ.ఎస్. రావు నగర్ పక్క ఫ్యాక్టరీలో ఫిట్టరు పని చేసేవాడు. చదువుకని కుర్రవాణ్ణి వాళ్ళింటికి పంపితే బడిలో తండ్రి పేరు పైడిబాబు అని రాయించాడు. అప్పుడు నేనేమీ అనలేదు. సూరి ఇంటర్ తప్పినప్పుడు 'అన్నయ్యా, నీ కొడుకు తప్పాడు' అని రాశాడు. 'సర్టిఫికెట్టు చూసుకో, నీ కొడుకే' అని నేనూ రాశాను. అప్పుడు ఎవరికీ వకీలుతో పని పడలేదు.

ఇప్పుడు ఉద్యోగం వచ్చింది. వెనకే సంబంధం వచ్చింది. ఆడపిల్ల వాళ్ళది అన్నవరం. సర్టిఫికెట్టులో పేరు చూసి తిన్నగా పైడిబాబు ఇంటికి పోయి తాంబూలాలిచ్చారు. వాడు కొత్త పంచె కట్టుకుని తండ్రిలా పుచ్చుకున్నాడు. పైగా నాకు కార్డు రాశాడు, 'శ్రావణంలో మన సూరి పెళ్లి, మీరు తప్పక రావాలి' అని. నా కొడుకు పెళ్లికి నన్ను పిలుస్తాడా? పీటల మీద వాడూ, పందిట్లో చాప మీద నేనూనా?

నోటీసు ఘాటుగా ఉండాలి.

ఇట్లు
పోలరాజు

తా.క. ఆ తవుడు మా గేదె తినేసింది. సాక్ష్యానికి ఇప్పుడు గేదె కూడా లేదు.


మల్కాజ్‌గిరి
జూన్ 26, 2000

అయ్యా పోలరాజు గారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. ఇక్కడ వాన మబ్బు పట్టి ఊరించి పోతోంది.

మీ కేసు మీరనుకున్న దానికంటే పెద్దది. బిడ్డను అమ్మడం నేరం. ఆ సంగతి మీ చేతిరాతతోనే నాకు పంపారు. ఆ ఉత్తరాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను. కొన్నవాడు కూడా నేరస్థుడే గనుక అతణ్ణి భయపెట్టవచ్చు. కానీ ముందు మీరు బయటపడాలి. 'కరువు రోజులు, తిండికి లేక బిడ్డను అమ్ముకున్నాం' అని చెబుదాం. జడ్జిగారు కూడా మనిషే. మీరు సన్నగా ఉంటారా? పొట్ట కనపడని ఫోటో ఒకటి పంపండి.

భవదీయుడు
వెంకటరత్నం, అడ్వొకేటు

తా.క. తవుడు తెల్లదా, ముతకదా? మరీ ముతకదైతే జాలి ఎక్కువ పుడుతుంది.


కొండపాలెం
జూలై 3, 2000

వకీలు గారికి పోలరాజు రాయునది.

మీ ఉత్తరం వచ్చేసరికి చెరుకుకు మట్టి ఎగదోస్తున్నాం. నా చేతుల నిండా మట్టి. పోస్టుమానే గట్టు మీద నిలబడి పెద్దగా చదివాడు. పనిలో ఉన్న ఆడవాళ్ళంతా పారలు ఆపి విన్నారు. 'ఏటి పోలరాజు మావా, కూటికి లేక కొడుకునమ్మీసినావా' అని సాయంత్రం దాకా ఒకటే నవ్వు. మా ఇంట్లో కరువేమిటి? మా తాత నాటి గాదె ఇప్పటికీ అడుగు కనపడలేదు.

అమ్మడమంటే అమ్మడం కాదయ్యా. పుట్టిన బిడ్డను చాటలో పెట్టి కొన్నవాళ్ళ చేతికిస్తాం. వాళ్ళు తవుడిస్తారు. 'ఇక వీడు మీవాడు, మాకేం సంబంధం లేదు' అని గట్టిగా అంటాం. బిడ్డను పట్టుకుపోయే దేవుడు విని, ఈ ఇంట్లో పిల్లలు లేరనుకుని వెళ్ళిపోతాడు. బిడ్డ మళ్ళీ తల్లి పక్కలోకే వస్తాడు. అదీ సంగతి. దేవుడు నమ్మాడంటే అర్థముంది. అంత చదువుకుని మీరూ నమ్మితే ఎలా?

ఫోటో పంపను. నాకు పొట్ట ఉంది.

ఇట్లు
పోలరాజు

తా.క. ఇక ముందు ఉత్తరం కవరులో పెట్టి గట్టిగా అంటించండి.


మల్కాజ్‌గిరి
జూలై 10, 2000

అయ్యా పోలరాజు గారికి నమస్కారం.

ఆచారం అర్థమైంది. మా గుంటూరు వైపు లేదు, అందుకే పొరబడ్డాను. పైడిబాబుకు నోటీసు పంపాను. మీరు కోరిన ఘాటు అందులో ఉంది.

ఇక రుజువు సంగతి. సర్టిఫికెట్టు అవతలివారి పక్షం. అయినా భయం లేదు. ఇప్పుడు ఊళ్ళో కొత్త రక్తపరీక్ష వచ్చింది. మీదీ, సూరిదీ, మీ భార్యదీ కాస్త కాస్త రక్తం తీస్తారు. తండ్రి ఎవరో మిషను చెప్పేస్తుంది. ఎవరికీ ఏ సందేహమూ మిగలదు. దీనికి మీ భార్యగారు సిద్ధమేనా? లోలోపల ఏమైనా జంకు ఉంటే ఇప్పుడే నాతో చెప్పమనండి. వకీలు దగ్గరా, డాక్టరు దగ్గరా దాచకూడదు.

భవదీయుడు
వెంకటరత్నం

తా.క. పైడిబాబు నోటీసు పట్టుకుని స్కూటరు మీద వచ్చాడు. 'సాటెడు తవుడు నాకిచ్చీమనండి. నానేటీ అడగను' అన్నాడు. కోర్టు విషయాన్ని హేళన చేస్తున్నాడని బయటికి పంపించాను.


కొండపాలెం
జూలై 16, 2000

వకీలుకు రాయునది.

నాట్లు మొదలయ్యాయి. ఇంట్లో వంట లేదు.

ఈసారి కవరు చింపి లోవమ్మకు నేనే చదివి వినిపించాను. నాదే బుద్ధి తక్కువ. 'నాకు జంకేటి? అడగమను ఆ మొగోడ్ని, నా మొహం సూసి అడగమను' అని రోకలి తీసింది. మీరు దొరకలేదు, నేను దొరికాను. నేను తండ్రినని పైడిబాబు ఒప్పుకోవాలి గానీ, నా పెళ్ళాం మీద ఎవరికయ్యా సందేహం? నేను అడిగానా? పైడిబాబు అడిగాడా? ఊరు అడిగిందా?

కోపంలో తా.క. చదవలేదు. లోవమ్మే చదివించింది. విని నన్ను రెండో దఫా తిట్టింది. ఎందుకంటే పైడిబాబు అన్నది హేళన కాదు. పుచ్చుకున్న తవుడు పిల్లవాడి పెళ్లిలోగా తిరిగి ఇచ్చేయాలి. అప్పుడు బిడ్డ మళ్ళీ మనవాడు. అది నేను ఇవ్వలేదు. సూరికి జ్వరం వచ్చినప్పుడల్లా, ఇప్పుడు ఇస్తే దేవుడి కంట పడతాడని మానేశాను. తర్వాత అలవాటుగా మానేశాను.

మర్యాదగా పైడిబాబును పిలిచి, తవుడు వస్తోందని చెప్పండి. నోటీసులు ఆపండి.

ఇట్లు
పోలరాజు

తా.క. మిషనుకు మీ రక్తం ఇచ్చి చూడండి. అందులో ఏముందో నాకూ తెలుసుకోవాలని ఉంది.


మల్కాజ్‌గిరి
జూలై 17, 2000

అయ్యా పోలరాజు గారికి శుభాకాంక్షలు.

మీ జవాబు ఇంకా రాలేదు. రక్తపరీక్షకు ఒప్పుకున్నారనే అనుకుంటున్నాను. కాలం వృథా చేయకుండా రెండో నోటీసు పంపాను. 'తవుడు కోరిక చట్టం ముందు నిలవదు. మా క్లయింటు చాటెడు కాదు, చిటికెడు కూడా ఇవ్వడు' అని రాశాను. ఆ వాక్యం నాకే నచ్చింది.

పైడిబాబు మండిపడి కింది అంతస్తు వకీలును పెట్టుకున్నాడు. 'తవుడు ఇవ్వనన్నారు గనుక అమ్మకం ఖాయం. కొడుకు నావాడే, పీటల మీద నేనే' అని జవాబు పంపాడు. చూశారా, మన వలలో ఎలా పడ్డాడో!

భవదీయుడు
వెంకటరత్నం

తా.క. మీ అబ్బాయి సూరి వచ్చాడు. నెమ్మదైన కుర్రవాడు. తండ్రులను గురించి ఒక్క మాట అనలేదు. పెళ్లి రిజిస్టరు కావాలంటే తండ్రి రావాలా అని మాత్రం అడిగాడు. మేజరుకు తండ్రితో పనేమిటని చెప్పాను. చాలా సంతోషించాడు. పెద్దలు కుదిర్చిన పెళ్లి మీద ఎంత శ్రద్ధో!


కొండపాలెం
జూలై 22, 2000

వకీలుకు.

చిటికెడు కూడా ఇవ్వనని నేనెప్పుడన్నాను? ఇరవై ఏళ్ళు పైబడి లేని గొడవ మీరు ఒక్క కాగితంతో తెచ్చారు. పైడిబాబు ఏడిస్తే ఏడవనీ, వాడు నా తోడల్లుడు. మధ్యలో మీ సంబరమేమిటి?

30వ తేదీ ఆదివారం పొద్దున గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు దిగుతున్నాం, నేనూ లోవమ్మా. తవుడు కొత్తది, మిల్లు దగ్గర నిలబడి పట్టించాను. పైడిబాబునూ కనకలక్ష్మినీ మీ ఆఫీసుకు పిలిపించండి. సూరిని రమ్మనండి.

పోలరాజు

తా.క. మేము మాట్లాడుకునేటప్పుడు మీరు నోరు తెరవకూడదు. ఫీజు దానికే ఇస్తాను.


కొండపాలెం
ఆగస్టు 2, 2000

మహారాజశ్రీ వకీలు గారికి పోలరాజు నమస్కరించి రాయునది.

నాట్లు అయిపోయాయి. ఇంట్లో ఒక్కణ్ణే. కొత్త నోటీసు కావాలి. జరిగింది మీ ఎదుటే అయినా, నోటీసులో పొల్లు పోకుండా ఉండాలని వరసగా రాస్తున్నాను.

స్టేషను దగ్గర వకీలు ఆఫీసుకని చెబితే ఆటోవాడు మూట చూసి, 'ఏందీ పెద్దాయనా, కోర్టుకు దాణా సుత తెస్తున్నవా? జెర పైలం, జడ్జిసాబులు తినరు' అన్నాడు. నేను నవ్వలేదు. మీ ఆఫీసులో లోవమ్మ చాటలో తవుడు పోసింది. నేను పైడిబాబు చేతికిచ్చాను. వాడు గుప్పెడు తీసి వాసన చూసి, 'మంచిదే, అన్నయ్యా' అన్నాడు. 'ఇక వాడు నీవాడు, నాకేం సంబంధం లేదు' అని గట్టిగా అన్నాడు. కనకలక్ష్మి గోడ వైపు తిరిగింది. అంతవరకు బాగానే ఉంది.

అప్పుడు సూరి వచ్చాడు. వెనక ఒక పిల్ల. 'నాన్నా, చిన్నాన్నా, ఈవిడ ఆలిస్. మా ఆఫీసే. నెల కిందటే అర్జీ పెట్టాం, శుక్రవారం రిజిస్టరు చేసుకున్నాం. తండ్రులు అక్కర్లేదని లాయరు గారు చెప్పారు' అన్నాడు. మేమిద్దరం మీ వైపు చూశాం. మీరు నోరు తెరవలేదు. ఆ ఒక్క పనీ సరిగ్గా చేశారు.

'తవుడు ముట్టింది అన్నయ్యా. నీ కొడుకు, నువ్వే సూసుకో' అన్నాడు పైడిబాబు. 'సర్టిఫికెట్టులో నీ పేరే, పెంచింది నువ్వే' అన్నాను నేను. వాడు చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేను దాన్ని లాక్కుని మీ బల్ల మీద పెట్టి వచ్చేశాను.

ఇప్పుడు అన్నవరం వాళ్ళు తండ్రి ఎవరని అడుగుతూ తిరుగుతున్నారట. కనుక నోటీసు ఇలా ఇవ్వండి. పైడిబాబు తవుడు తిరిగి పుచ్చుకోలేదు. అమ్మకం ఖాయం. సూరి నా కొడుకు కాడు.

ఇట్లు
పోలరాజు

తా.క. లోవమ్మ నాతో రానంది. అది మాత్రం నోటీసులో వద్దు.


మల్కాజ్‌గిరి
ఆగస్టు 9, 2000

అయ్యా పోలరాజు గారికి నమస్కారం.

మీ ఉత్తరం వచ్చిన రోజే కింది అంతస్తు వకీలు నా గదికి వచ్చాడు. సూరి పైడిబాబు కొడుకు కాడని, పోలరాజు కొడుకేనని నోటీసు ఇవ్వమని పైడిబాబు అతణ్ణి అడిగాడట. మేమిద్దరం పాత నోటీసులు మార్చుకుంటే సరిపోతుంది. అయినా ఇక ఈ కేసు చెయ్యము.

మీ భార్యగారిని కలిశాను. ఇక్కడే సూరి వాళ్ళ ఇంట్లో ఉన్నారు. కనకలక్ష్మి గారూ అక్కడికే చేరారు. 'ఆళ్ళిద్దరూ ఒద్దంటే ఒద్దు బాబూ. తల్లెవరన్న కేసైతే మీ మిషనుకి ఎంత రక్తం కావాలన్నా నానిస్తాను' అన్నారు. ఆలిస్ టీ ఇచ్చింది. అక్కాచెల్లెళ్ళు ఆమెకు చేపల పులుసు నేర్పుతున్నారు.

అన్నవరం వారు నా దగ్గరికి వచ్చి తండ్రి చిరునామా అడిగారు. రెండూ ఇచ్చాను.

భవదీయుడు
వెంకటరత్నం

తా.క. బల్ల మీద మీరు వదిలిన తవుడును నిన్న మధ్యాహ్నం పైడిబాబు వచ్చి మూటకట్టుకున్నాడు. తవుడు తనకు ముట్టిందని మీ గుమ్మంలో నిలబడి ఊరంతటికీ చూపించి వస్తానన్నాడు. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు బయలుదేరాడు.