తమ్ముడు ముట్టని గిన్నె

అక్కకు వందనాలు.

మన తమ్ముడి మీద నాకు అనుమానంగా ఉంది. ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం గిన్నె తన ముందుకు రాగానే నోట పెట్టుకోకుండా పక్కవాళ్లకు అందించేస్తున్నాడు. దాచిన పాపమేదో లేకపోతే అంత భయమెందుకు? తాగుతున్నాడేమోనని దగ్గరికెళ్లి వాసన కూడా చూశాను. చొక్కాకు రంపప్పొట్టు వాసన తప్ప ఇంకేం లేదు.

చివరికి పాస్టరుగారినే అడిగాను. "ఎవరితోనో మాటల్లేవటమ్మా. సమాధానపడకుండా ఎలా తీసుకోనయ్యగారూ అంటున్నాడు," అన్నారు.

ఆ మనిషి ఎవరో నువ్వే కనుక్కుని రాయి. నన్ను అడగమనకు. అమ్మ పోయాక కుట్టుమిషను నేను తెచ్చుకున్నప్పటి నుంచి వాడు నాతో మాట్లాడటమే మానేశాడు.

నేను మాత్రం ఒక్క ఆదివారం కూడా బల్ల తప్పలేదు.

నీ చెల్లెలు