క్లారినెట్ కన్చెర్టోకి బావమరిది సాయం

వియన్నా, 1788

చిరంజీవి ఇగ్నాజ్‌కు నీ బావ లియోపోల్డ్ ఆశీస్సులు.

మీ అక్క యోజెఫా, నేను క్షేమం. శుభవార్త! మా నాటకశాల స్వరకర్త డోబ్నర్ గారు నాకోసం కన్చెర్టో రాస్తున్నారు. వాద్యబృందమంతా వెనక, నేనూ నా క్లారినెట్టూ ముందు! దర్జీ కొలతలు తీసుకున్నట్టు, వాయించేవాడికి ఏ స్వరం పలుకుతుందో, ఏది పలకదో చూసుకుని గానీ ఆయన కలం పట్టరు. అందుకే రోజూ మా ఇంటికొచ్చి వాయించమంటున్నారు.

ఇట్లు,
లియోపోల్డ్

తా.క.: నేను వాయిస్తున్నంతసేపూ మీ అక్క చేసిన పిండి ఉండలు లాగించేస్తున్నారు.

ప్రాగ్

బావకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివిన ఆనందంతో రెండు రోజులు ముద్ద దిగలేదు. నిరుడు ఇక్కడికొచ్చినప్పుడు డోబ్నర్ గారు నా క్లారినెట్ విని "భేష్" అన్నారు. నిన్నెప్పుడైనా అన్నారా? మరి ఆ కన్చెర్టో న్యాయంగా ఎవరిది? అసూయ కాదు బావా, అడుగుతున్నానంతే. కడుపు మండిపోతోంది, అది వేరే సంగతి.

ఇట్లు,
ఇగ్నాజ్

తా.క.: ఆయనకూ ఒక ఉత్తరం వేశాను. నీ గురించి ఉన్నదే రాశాను. పై స్వరాలకు వెళితే మేక అరిచినట్టుంటుందనీ, రెండు వరుసలకే ఆయాసమొస్తుందనీ, వేగం పెంచితే వేళ్లు చిక్కుపడతాయనీ. దాపరికం మా వంశంలో లేదు.

వియన్నా

ఒరేయ్ ఇగ్నాజ్,

నీ నోట్లో మన్ను పొయ్య! నీ ఉత్తరం తనకు అందిన రోజునుంచీ డోబ్నర్ గారు మా గడప తొక్కలేదు. తలుపేసుకుని ఎవరికీ కనబడడం లేదట. నా జన్మకొక్క కన్చెర్టో, దాన్నీ చెడగొట్టావు కదరా! మీ అక్క నీ మీద కోపంతో గిన్నెలు విసురుతోంది. ప్రాగ్ దూరం కాబట్టి నాకు తగులుతున్నాయి.

లియోపోల్డ్

తా.క.: ఆ ఆయాసం సంగతి నీకెవరు చెప్పారు?

ప్రాగ్

బావకు నమస్కారాలు.

అయ్యో పాపం! ప్రాప్తం లేదనుకో. ఆయన తలుపు తీయగానే నేను సిద్ధంగా ఉన్నానని చెప్పు. కొత్త కోటు కూడా కుట్టించాను.

ఇట్లు,
ఇగ్నాజ్

తా.క.: మా అక్కే.

వియన్నా

మా బంగారు బావమరిదికి,

నిన్న కచేరీ అయింది. వియన్నా అంతా కళ్లు తుడుచుకుంది! డోబ్నర్ గారు తలుపేసుకున్నది రాసుకోవడానికటరా. "నీకు ఏది వచ్చో నేనే విన్నాను. ఏది రాదో దాచేశావు. నీ బావమరిది పుణ్యమా అని అదీ తెలిసింది" అన్నారు. పాటంతా కింది స్వరాల్లోనే నడిపారు. రెండు వరుసలకోసారి వాద్యబృందం అందుకుని నాకు ఊపిరి తీసుకునే వీలిచ్చింది. వేళ్లు చిక్కుపడకుండా నెమ్మదిగా రాసిన చోటే జనం ఏడ్చారు. వాళ్లతో పాటు నేనూ ఏడ్చాను.

ఇట్లు,
లియోపోల్డ్

తా.క.: తరవాతి కన్చెర్టో నీకేనట! నీ లోపాలేమిటో రాసిమ్మని నన్నడిగారు. కాగితాలు అయిపోయాయి, మీ అక్క ఇంకా చెబుతూనే ఉంది.