పిట్ట ముట్టేదాకా

బాపూ,

ఈరోజు నీ సంవత్సరీకం. మొయినాబాద్ ఇంటి డాబా మీద విస్తరిలో కోడికూర, పక్కన కల్లు పెట్టి, పిట్ట రూపంలో నువ్వొచ్చి ముడతావని ఎదురుచూశాం. నువ్వు పోయిన మూడోనాడు నీ మనవరాలు నవ్య ఉరుకులాడుతుంటే ఒక్క కాకీ వాలలేదు. చేవెళ్ల చుట్టాలు ఇప్పటికీ ఆ మాట అంటారు.

ఒక్కచోట కుదురుగా ఉండలేకపోతోందని నెల నుంచి నవ్యకు పొద్దున ఒక గోలీ వేస్తున్నాను. "పిల్లను మబ్బు చేస్తున్నవే" అని అవ్వ నాతో మాట్లాడడం మానేసింది. డాక్టరమ్మ మాత్రం, "ఇది నిద్రగోలీ కాదమ్మా. మెదడుల తనను తాను ఆపుకునే భాగం జర మెల్లగ పనిచేస్తున్నది. దాన్ని లేపుతది" అన్నది. చదువులో కుదురు వచ్చింది గానీ మధ్యాహ్నం అన్నం ముట్టడం లేదు. రోజూ టిఫిన్ డబ్బా తెరిచి చూసి నాకే కుదురు లేకుండా పోయింది.

ఇవాళ పక్కన ఐటీ వాళ్ల విల్లాలు కడుతున్న మోతకు పిట్టలే కనబడలేదు. నేను డాబా మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. నవ్య ఓ మూల కూర్చుని చూస్తోంది. చివరికి ఒక కాకి గోడ మీద వాలింది. నేను విస్తరి ముందుకు జరపబోతే నవ్య నా కొంగు పట్టుకుంది.

"అమ్మా, జర కూసో. తాత బెదురుతడు."