పాప పేరు ఎవరి కింద?

అమ్మాయ్,

నిన్న ఫోనులో నువ్వు ఏడుస్తుంటే సంగతంతా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను. పాప బీమాను ఎవరూ కావాలని తీసేయలేదు. తమ్ముడు పోయాడని, ఉద్యోగుల బీమా చూసే మా ఆఫీసులో నేనే నమోదు చేయించాను. మా కొత్త డేటాబేస్‌లో కుటుంబం చెట్టులా ఉంటుంది. పైన ఉద్యోగి, కింద భార్యాపిల్లలు. పై పేరు తీసేస్తే కింద పేర్లన్నీ వాటంతటవే పోతాయి.

నేను చేరిన కొత్తలోనూ ఇలాంటిదే ఉండేది. ఈ తిప్పలు పడలేకే దాన్ని వదిలేసి, మనిషికో వరుస పెట్టి, ఎవరికెవరు ఏమవుతారో విడిగా రాసుకునేవాళ్లం. ఆ మాట చెబితే కొత్తవాళ్లు, "ఆ కాలం కబుర్లు ఇప్పుడెందుకు సార్, ఇది లేటెస్టు" అని నవ్వారు. నేనూ టీ తాగి ఊరుకున్నాను.

సరిచేయించాలంటే ఏడాది పడుతుంది. పాప గుండె ఆపరేషన్ అన్నాళ్లు ఆగదని డాక్టరు నీకే చెప్పాడు. నీకు ఉద్యోగం లేదు కాబట్టి నీ కింద చేర్చడం కుదరదు. దత్తత తీసుకుని నా కింద చేర్పిస్తాను. ఆ చెట్టులో బిడ్డ ఒక్కచోటే ఉండాలి. "కన్నతల్లిని బావగారూ, నా పేరుకు చోటే లేదా?" అన్నావు నిన్న. లేదమ్మా.

దత్తత కాగితం జతచేశాను, సంతకం పెట్టి పాపతో పాటు పంపు. మీ అక్క అప్పుడే గది సర్దేసింది. పెళ్లైన ఇన్నేళ్లకు దాని ముఖంలో నవ్వు చూశాను. ఆసుపత్రిలో తల్లిగా అదే ఉంటుంది. నువ్వు చూడ్డానికి వస్తే, పాపకు ఏమవుతావని గేటు దగ్గర అడుగుతారు. పిన్నినని చెప్పు.

మీ బావగారు