లిఫ్టు ఘట్టంలో పోయిన కాగితం

డెబ్బయ్యొక్క ఏళ్ళ వయసు కలిగి, నలభై ఏళ్ళుగా నవలలు అద్దెకిచ్చే కొట్టు నడుపుతూ, వీధి అంతటికీ పుస్తకాలమ్మనైన నేను, స్వస్థచిత్తంతో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా పూర్తి ఇష్టంతో, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా. డాక్టరు నా గుండె గురించి చెప్పినదానికీ నా బుద్ధికీ సంబంధం లేదు. కోపంగా ఉన్న మాట నిజం. కోపం ఉన్నంత మాత్రాన వీలునామా చెల్లకుండా పోదని ప్లీడరుగారిని అడిగి మరీ తెలుసుకున్నాను. ఇదివరకు రాసినదేదైనా ఉంటే అది రద్దు.

1. ఈ వీలునామా అమలు జరిపించే బాధ్యత పక్క కొట్టు టైలరమ్మది. నా తమ్ముడిది కాదు. వాడు మూతి ముడుచుకుంటాడు. కారణం అయిదో అంశంలో ఉంది, చదువుకోమనండి. నా బైండింగు సూదులు, కత్తెర, మైనం రాసిన దారం ఉండలు టైలరమ్మకే చెందుతాయి.

2. కొట్టులోని నవలలన్నీ ఆడపిల్లల హాస్టలుకు ఇవ్వాలి. ఏరకూడదు, దాచకూడదు. సరసం ఉన్నవి ముందు వరసలోనే పెట్టాలి. అరవై ఏళ్ళుగా ప్రేమ నవలలు చదువుతున్నాను, సిగ్గేమీ లేదు. "ఈ చెత్త ఎలా చదువుతావక్కా" అన్న నా తమ్ముడు ఇదే కొట్టులో పేపరు అడ్డం పెట్టుకుని ఎన్ని చదివాడో నాకు తెలుసు.

3. ఒక్క ఎర్ర అట్ట నవల మాత్రం హాస్టలుకు పోకూడదు. ఊరంతా వెర్రెత్తినట్టు చదివిన ఆ పుస్తకమే. దానిలో వేడి ఎక్కువైందని కాదు నా బాధ. వేడి లేని ప్రేమ నవల నేను డబ్బిచ్చి కొనను. కానీ ఆ హీరో, ఆ మహారాజు, పిల్ల ఉత్తరాలు విప్పి చదువుతాడు. ఆమె ఉద్యోగం ఊడగొట్టిస్తాడు. ఆగిపోయిన లిఫ్టులో ఆమెను గోడకు నొక్కిపెడతాడు. తర్వాతి పేజీలో ఆమె కరిగిపోతుంది! ఏం, ఆమె మైనమా? రెండు గజాల స్థలం రాయించుకోవాలన్నా "నా ఇష్టపూర్వకంగా" అన్న ముక్క లేకపోతే రిజిస్ట్రారు కాగితం మొహాన కొడతాడు. ఈ పిల్లకు ఆ పాటి మర్యాద కూడా దక్కలేదు.

ఇక్కడ నా తప్పూ రాయాలి. జనం ఎక్కువసార్లు తిప్పిన చోటే పుస్తకం ఊడుతుంది. ఆ నవల లిఫ్టు దగ్గర ఊడింది. మూడుసార్లు కుట్టాను. కుట్టినప్పుడల్లా అంచులు కోయడంతో పేజీ నంబర్లు కూడా ఎగిరిపోయాయి. మూడోసారి చిరుగు అతికించి ఆరబెట్టిన ఒక కాగితం, కోత చెక్క కిందికి జారిపోయింది. అది లేకుండానే కుట్టేశాను. ఎనిమిది నెలలు ఆ ప్రతి ఊరంతా తిరిగింది. ఒక్కరూ "ఇక్కడేదో పోయింది" అనలేదు. నేనూ మళ్ళీ చదివాను, నాకూ తెలియలేదు. మొన్న చెక్క ఎత్తితే కాగితం దొరికింది. ఆ పిల్ల "వద్దు, నన్ను ఇంటికి పోనివ్వు" అని మూడుసార్లు అన్నది ఆ కాగితంలోనే. అది తీసేసినా కథ ఎక్కడా తడబడలేదు. ఛీ! అదేం కథ? నేనేం చదువరిని?

4. నా కూతురి కూతురు, కళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే నా మనవరాలు, చదివింది ఆ ప్రతే. బుజ్జీ, ఆ కాగితం నీకు. నువ్వు చేసుకుంటానంటున్న ఆ షోరూం మేనేజరు నీ ఫోను నేలకేసి కొట్టినప్పుడు, నీకు చెప్పకుండా మీ డాక్టరుకు ఫోన్ చేసి నీ డ్యూటీ మార్పించినప్పుడు, "ఎంత ప్రేమ ఉంటే అలా చేస్తాడు అమ్మమ్మా, అచ్చం నవల్లోలాగే" అన్నావు. మీ తాతయ్య చేతి గడియారం కూడా నీదే. బస్సు నడిపి నడిపి నడుము విరిగి ఇంటికొచ్చేవాడు. అయినా మంచం అంచున కూర్చోబోతూ "కూర్చోనా?" అని అడిగేవాడు. ముప్ఫై ఏళ్ళు అడిగాడు. అందులో ఎంత సెగ ఉందో ఆ నవల రాసినవాళ్ళకు తెలియదు తల్లీ.

5. నా తమ్ముడికి ఎర్ర అట్ట నవల. మిగతాదేదీ లేదు. నా కూతురు, అంటే బుజ్జి వాళ్ళమ్మ, చెంప వాచి ఒక మధ్యాహ్నం వాడి గుమ్మం ఎక్కింది. "మొగుడన్నాక కోపం రాదా, సర్దుకుపో" అని వీడే ఆటో పిలిచి ఎక్కించాడు. నేను పక్కనే ఉన్నాను. నేనూ ఊఁ అన్నాను. అది సర్దుకుంది. ఏడాది తిరక్కుండా దాన్ని ఆస్పత్రి నుంచి తెల్లగుడ్డ కప్పి తెచ్చుకున్నాం. తమ్ముడి మీద ఎంత కోపమో నా మీద అంతకు రెట్టింపు.

6. కొట్టు పైనున్న మేడగది, మంచం, గ్యాసు పొయ్యితో సహా, దాన విక్రయ హక్కులతో నా మనవరాలొక్కదానికే చెందుతుంది. భర్తకు గానీ మరెవరికి గానీ హక్కు లేదు. ఆ మేనేజర్ని చేసుకోకూడదని షరతు పెట్టను. పెడితే నేనూ ఆ మహారాజునే అవుతాను. చేసుకుంటే చేసుకోనీ.

గది తాళంచెవి ఒకటి బుజ్జికి, ఒకటి టైలరమ్మకు. అది ఎప్పుడు వచ్చినా, ఒంటరిగా వచ్చినా, చంకలో బిడ్డతో వచ్చినా, పెట్టె లేకుండా వచ్చినా తలుపు తీయాలి. ఎందుకొచ్చావని అడగకూడదు. ఎవరికీ ఫోను చేయకూడదు. ఆటో పిలవకూడదు. ముందు అన్నం పెట్టాలి.

తేదీ: 14 మార్చి 2018, బుధవారం.

(సంతకం) పుస్తకాలమ్మ

సాక్షులు:
ఎదురు మందుల షాపు యజమాని
హాస్టలు వార్డెను