పలకని జాగిలం

అక్టోబర్ 7, 1957
ట్రింకెట్‌ను వేటకుక్కల కెన్నెల్‌కి తీసుకెళ్ళిపోయారు. కూనగా ఉన్నప్పుడు వేటవాళ్ళు తెచ్చి, పెంచి ఇమ్మని అప్పజెప్పారు, మా పొలంలోనే పెరిగింది. వేటలో వాటిని నడిపించే హంట్స్‌మన్ విల్ఫ్ ఫియరన్ దాని పళ్ళూ పాదాలూ చూసి, బాగా పెంచావమ్మా అన్నాడు. నోరే విప్పదు చూడు, అది నా పెంపకం అని మా ఆయన ఎడ్గార్ మధ్యలో దూరాడు. పెంపకమట. ఆయనకి తలనొప్పి వచ్చిన రోజు అది మొరిగితే బూటు తీసి విసిరేవాడు. ఆ ముక్క మాత్రం చెప్పడు.

అక్టోబర్ 19
కుక్క ఎలా ఉంది అని అడిగానని విల్ఫ్ భార్య నవ్వింది. కుక్క ఏంటి, జాగిలం అనాలి, మొరిగింది అనకు, పలికింది అను, ఇన్నేళ్ళొచ్చినా నీకు రాదా అంది. పాలు పోసి, పెంట ఎత్తి పెంచింది నేను. మాటలు మాత్రం వాళ్ళవి.

నవంబర్ 2
విల్ఫ్ వచ్చాడు. టీ వద్దన్నాడు. ట్రింకెట్ అన్నిటికంటే ముందు నక్క వాసన పసిగడుతోందట, కానీ పలకదట. దాని గొంతు విని కదా మిగతావి వెనకాల రావాలి, ఆ గొంతు విని కదా మేం కొండెక్కాలి, మూగది ఎంత మంచిదైనా మాకెందుకమ్మా అన్నాడు.
మూగవాటిని ఏం చేస్తారో నాకు తెలుసు. తుపాకీతో కాల్చేస్తారు.
నాకిచ్చెయ్ అన్నాను. గొర్రెల ఊళ్ళో మూగ జాగిలమా, ఎప్పుడు మీద పడిందో కూడా తెలీదు, కుదరదు, క్రిస్మస్ దాకా చూస్తా అన్నాడు. ఊరుకున్నంత ఉత్తమం లేదంటారుగా అని ఎడ్గార్ పేపర్ చాటునుంచి ఎగతాళి.

నవంబర్ 3
దాని నోరు కట్టేసింది నువ్వే అని ఎడ్గార్‌తో అన్నాను. నీ నోరు కట్టలేకపోయాగా, అదే నా బాధ అన్నాడు.

నవంబర్ 23
ఇవాళ వేటలో నక్క కొండమీది బండల గుట్టలో దూరింది. ట్రింకెట్ వెనకే దూరింది. మళ్ళీ బయటికి రాలేదు.
మా కంబర్లాండ్ కొండల్లో ఇది కొత్త కాదు. బండలకి చెవులు ఆనిస్తారు, లోపలి జాగిలం ఎక్కడ పలికితే అక్కడ తవ్వుతారు. గుట్టేమో ఆ చివరా ఈ చివరా కనపడనంత ఉంది. ఇదేమో పలకదు. ఎక్కడని తవ్వుతారు?

నవంబర్ 24
ఎడ్గార్ కూడా గుట్ట దగ్గరికి వచ్చాడు. పరువు కోసం వచ్చాడనుకున్నాను. కానీ మోకాళ్ళమీద పడి, ఓ పగులులో నోరు పెట్టి అరిచాడు. పలుకు తల్లీ, ఒక్కసారి పలుకు, నిన్నేమీ అననే అని, గొంతు బొంగురుపోయేదాకా. అందరికీ జాలేసింది.
నాకు వెయ్యలేదు. కాలర్ పట్టి లాగాను. ఇంటికి పో, నీ గొంతు వినపడితే అది చచ్చినా నోరు విప్పదు అన్నాను. అందరిముందే అన్నాను.

నవంబర్ 25
రాత్రంతా మంచు కురిసింది. గుట్టంతా తెల్లగా కప్పేసింది, ఒక్క పగులు దగ్గర తప్ప. అక్కడ మంచు కరిగిపోతోంది. లోపలినుంచి దాని ఊపిరి.
తవ్వి తీశాం. బతికే ఉంది. నా చెయ్యి నాకింది.
నిన్న ఎడ్గార్ అరిచింది సరిగ్గా ఆ పగులులోనే. కింద, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, అంతా వింటూ పడుకుంది.

డిసెంబర్ 26
ట్రింకెట్‌ను కాల్చేశారు. విల్ఫ్ వచ్చి చెప్పాడు. అప్పుడూ పలకలేదట.